యవనభాండములు – పినాకినీ మండలచరిత్ర

మన దేశచరిత్రకు శాసనములును, నాణెములును, వాఙ్మయమును ప్రధానాధారములని పండితులందఱు నెఱుఁగుదురు. వీనితో సమానముగా నెంచఁదగిన నాలుగవ యాధార మొకటి కలదు. అది పగిలిన కుండపెంకు. శాసనము రాజు చెప్పఁదలఁచిన మాటను జెప్పును. కావ్యము కవి మెచ్చిన దానిని జెప్పును. నాణెము తన్ను ముద్రింపించిన వాని పేరు చెప్పును. కుండపెంకు మాత్ర మెవ్వరును చెప్పఁదలఁపని సంగతులను జెప్పును. దానిని పాఱవైచిన వానికి చరిత్ర నిలుపవలయునను సంకల్పము లేదు. కావున నందు స్తుతియు లేదు, దాఁపరికమును లేదు. అయినను నది తనంత మాటలాడదు. దానిచేఁ బలికించు పండితుఁడు తొందరపడినచో, లేని చరిత్రయంతయు నొక చిన్న పెంకుమీఁద నిలువఁగలదు.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూఁడు పట్టణముల చుట్టుఁబట్ల సీమకు నిట్టి యనుభవమే కలిగినది. ఆ సీమ ప్రాచీనకాలగణన యొకప్పుడు సముద్రము దాఁటి వచ్చినవని తలఁపఁబడిన కొన్ని పెంకుల మీఁద నాధారపడి యుండెను. ఆ పెంకుల నిజస్వభావము తెలిసినకొలఁది కాలగణనయు మాఱినది. యవనదేశములనుండి వచ్చిన మృణ్మయభాండము లెట్టివి, వానివలన వర్తకమునుగూర్చి యెంత చెప్పవచ్చును, ఎంత చెప్పరాదు అను నంశములను విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

దేశస్థితి

పెనుకొండ యనఁగానే 1565వ సంవత్సరపు తళ్లికోట యుద్ధానంతరమున విజయనగర ప్రభువులకు రాజధాని యైన దుర్గము స్ఫురించును. హిందూపుర మనఁగానే లేపాక్షి వీరభద్రాలయము మనసునకు వచ్చును. ధర్మవర మనఁగానే పట్టుమగ్గములు గుర్తునకు వచ్చును. ఇవి యన్నియు నిటీవలి కథలు. వీని క్రింద వేయేండ్లకంటెఁ బ్రాచీనమైన పొర యొకటి కలదు. ఆ పొరకు నడుమ త్రోవ పెన్నానది.

పినాకిని యనఁబడు నీ నది నందికొండల ప్రాంతమునఁ బుట్టి, హిందూపుర ప్రాంతమునఁ దెలుఁగుసీమఁ జొచ్చి, పెనుకొండకుఁ బడమటగా నుత్తరాభిముఖమై పోయి, పామిడి దాఁటినపిదపఁ దూర్పునకుఁ దిరిగి, తాడిపత్రి, గండికోటల మీఁదుగా నెల్లూరు చేరి సముద్రమునఁ గలియుచున్నది. దీని పొడవు 597 కిలోమీటరులు. దీని యుపనది యగు చిత్రావతి ధర్మవరము ప్రక్కగాఁ బోవుచున్నది. ఈ మూఁడు పట్టణములును 2022వ సంవత్సరమున ననంతపురము జిల్లానుండి వేఱుపడి శ్రీ సత్యసాయి జిల్లాలోఁ జేరినవి.

ఈ సీమకుఁ బడమటఁ జిత్రదుర్గ మండలమున బ్రహ్మగిరి, చంద్రవల్లి యను ప్రాచీనస్థలములు కలవు. బ్రహ్మగిరియం దశోకుని ధర్మశాసనము 1892వ సంవత్సరమున బయల్పడినది. సువర్ణగిరియందున్న రాజకుమారుఁడును మహామాత్రులును ఇసిలలోని మహామాత్రులకుఁ బంపిన యాజ్ఞగా నది ప్రారంభ మగుచున్నది. ఉత్తరమున గుత్తికిఁ జేరువనున్న యెఱ్ఱగుడియందును అశోకశాసనములు కలవు. కావున క్రీస్తునకుఁ బూర్వము 3వ శతాబ్దముననే యీ ప్రాంతమున నధికారులు సంచరించుటకును, ఆజ్ఞలు పోవుటకును దగిన మార్గము లుండెను. పెనుకొండ ధర్మవరముల నడుమనున్న రామగిరి ప్రాంతమున బంగారమునకై పూర్వులు త్రవ్విన గోతులు కలవు. 20వ శతాబ్దారంభమున గని త్రవ్వించిన వా రా పాతగోతుల జాడనే పట్టిరి. ఉరవకొండ దిక్కున వజ్రకరూరు వజ్రములకుఁ బేరొందినది. మార్గమును, సరకును గల దేశమునకు వర్తకుఁడు రాకుండుట యరుదు.

నాణెముల సాక్ష్యము

పినాకినీ ముఖద్వారమునఁ గల నెల్లూరి చెంత 1786వ సంవత్సరమున నొక సేద్యగాఁడు దున్నుచుండఁగా నాఁగటికి ఇటుకకట్టడము తగిలెను. త్రవ్వి చూడఁగా నది యొక చిన్న దేవాలయపు శిథిల మయ్యెను. దాని క్రింద నొక చిన్న కుండలో రోమకచక్రవర్తుల బంగారు నాణెములు దొరకినవి. అందుఁ గొన్ని కరఁగింపఁబడెను. మిగిలినవానియందు త్రాజను, హేడ్రియను చక్రవర్తులవియు, ఫాస్టీనా రాణివియుఁ గలవు. అనఁగా నవి క్రీస్తుశకము 2వ శతాబ్దమునకుఁ జెందినవి.

నది పుట్టుచోటికి దక్షిణముగా, బెంగుళూరు చేరువ యశ్వంతపురమున 1891వ సంవత్సరమున 163 రోమక రజతనాణెములును, ఆ నగరముననే విమానాశ్రయ ప్రాంతమున 1965వ సంవత్సరమున 256 రజతనాణెములును లభించినవి. చంద్రవల్లియం దాగస్టసు, తిబేరియసు చక్రవర్తుల వెండినాణెములు శాతవాహన నాణెములున్న స్థలముననే దొరకినవి. ఇట్లు మన మూఁడు పట్టణములకుఁ బడమటను, దక్షిణమునను, నదీముఖమునను రోమకద్రవ్యము కానవచ్చుచున్నది.

అయినను నాణెము సంపూర్ణసాక్షి కానేరదు. వెండిబంగారములకుఁ దమ విలువ తమకే కలదు గావున నొక నాణెము నూఱుచేతులు మాఱి, నూఱేండ్లు దాఁచఁబడి, ముద్రించినవాని పే రెఱుఁగని వాని యింటఁ బాతఁబడవచ్చును. యశ్వంతపురమున రోమకనాణెము దొరకినంత మాత్రమున నచ్చటికి రోమకుఁడు వచ్చెనని చెప్పుట, నేఁడు మన పెట్టెలో విదేశనాణె మున్నందున నా దేశీయుఁడు మన యింట బసచేసెనని చెప్పుట వంటిది. మఱియు ధనము వచ్చెనని నాణెము చెప్పును గాని, దానికి బదులు పోయిన సరకేమో, దానితోఁ గూడ వచ్చిన యనుభోగవస్తువు లేమో చెప్పదు. ఆ కొఱఁతను దీర్పఁగలది మట్టిభాండము.

ఆంఫొరా స్వరూపము

గ్రీకులును రోమకులును ద్రవపదార్థములను ఓడలలోఁ బంపుటకు వాడిన కూజా జాతి పాత్రకు ఆంఫొరా యని పేరు. ఇరువైపులఁ బట్టి మోయఁదగిన దని యా పదమున కర్థము. పొడవైన మెడ, మెడనుండి భుజములవఱకు దిగు రెండు నిలువుపిళ్లు, కోలయైన పొట్ట, కూఁచియైన యడుగు – ఇవి దీని లక్షణములు. లాటినుభాషయం దీ పేరే సుమా రిరువదియాఱు లీటరుల కొలతకును జెల్లుచుండెను.

అడుగు కూఁచిగా నుండుట చూచి మనవా రాశ్చర్యపడుదురు. మన కడవకు నిలుచుటకుఁ గుదురు చాలును. ఓడలో నూఁగులాటకుఁ గుదు రాగదు. క్రిందివరుసలోని భాండముల భుజముల నడుమ పైవరుసలోని వాని కూఁచికొనలను దిగవిడిచి బిగించినచో నొకదాని నొకటి పట్టుకొని కదలక నిలుచును. వంపునపు డా కొనయే మూఁడవ చేతిపట్టు. లోపల ద్రవము ఊఱిపోకుండ దేవదారుజాతి చెట్ల జిగురును బూయుదురు. మూతికి బిరడా బిగించి సున్నముతో మెత్తుదురు. కొన్నిటి పిడిమీఁద కుమ్మరిశాల ముద్రయు, మెడమీఁద సిరాతో వ్రాసిన సరకు వివరమును గానవచ్చును. వీనియందుఁ బంపఁబడు పదార్థములలో ముఖ్యమైనవి ద్రాక్షామద్యము, ఆలివు పండ్లనూనె, ఉప్పున నూరవేసిన చేపలరసము.

సాక్ష్యముగా దీని గొప్పతన మిది: సరకు వాడుకొనినపిదప నీ భాండమునకు విలువ లేదు. కరఁగింప వీలులేదు, దాఁచువాఁడు లేఁడు, ఖర్చైనచోటనే పగిలి పడియుండును. రోమానగరమున నిట్లు పాఱవైచిన నూనెభాండముల పెంకులే సుమారు ముప్పదియైదు మీటరుల యెత్తు గుట్టయై నేఁటికిని నిలిచియున్నవి. కాఁబట్టి ఆంఫొరాపెంకు దొరకినచోట నా సరకు తెఱవఁబడెననియో, కనీస మా భాండ మచ్చటివఱకుఁ జేరెననియో చెప్పవచ్చును. ఇంతేకాక మట్టి తన జన్మస్థానమును దాఁపనేరదు. ఇటలీలోని కంపానియా భాండముల మట్టియందు వెసూవియసు అగ్నిపర్వతపు నల్లనియిసుక కలసియుండును. సూక్ష్మదర్శినితోఁ జూచినచో నా యిసుకయే ముద్రకంటె గట్టిసాక్ష్య మిచ్చును.

వాఙ్మయ మీ సాక్ష్యముతో నేకీభవించుచున్నది. క్రీస్తుశకము 1వ శతాబ్ది మధ్యమున, పేరు తెలియని యొక గ్రీకునావికుఁడు వ్రాసిన పెరిప్లసు అను యాత్రాగ్రంథమున భరుకచ్ఛము దిగుమతులలో మద్యము చెప్పఁబడినది. అందు ఇటలీది మేలైనదనియు, లవొడికియా మద్యమును అరబ్బుమద్యమునుగూడ వచ్చుచుండెననియుఁ గలదు. కేరళతీరమునందలి ముజిరిసు రేవునకు నాణెములు విస్తారముగాను, మద్యము కొలఁదిగాను వచ్చుచుండెను. తమిళ సంగమకృతులలోని పురనానూఱు యవనులు నావలఁ దెచ్చిన మద్యమును బేర్కొనుచున్నది. మన కృష్ణాతీరమున ఘంటసాల శాసనమొకటి మహానావికుఁడగు శివకుని స్మరించుచున్నది. తెరచాపకొయ్యలు గల యోడబొమ్మను శాతవాహనులు తమ నాణెములమీఁద ముద్రించిరి.

అరికమేడునుండి బ్రహ్మగిరికి

పుదుచ్చేరి చెంతనున్న అరికమేడునందు ఫ్రెంచివారు తొలుత త్రవ్విరి. 1945వ సంవత్సరమున పురావస్తుశాఖాధ్యక్షుఁడైన మార్టిమరు వీలరు దొర యచ్చట శాస్త్రీయముగాఁ ద్రవ్వించెను. ఆంఫొరాపెంకులతోఁగూడ, ఇటలీయందలి అరెజ్జో నగరమునఁ జేయఁబడిన యెఱ్ఱనిమెఱుఁగుపాత్రల తునుకలు దొరకినవి. వానిమీఁదఁ గుమ్మరుల ముద్రలును గలవు. ఆ పాత్రలు తయారైన కాలము ఐరోపాయందుఁ బరిశోధకులకు మునుపే తెలిసియున్నది. అవి దొరకిన పొరలకుఁ గాలము నిర్ణయించుట కదియే యాధార మయ్యెను.

ఆ స్థలముననే లోపలియడుగున వలయములుగా చిన్నచిన్న గంట్లచాళ్లు గల సన్నని పళ్లెములును దొరకినవి. వీనిని చక్రాంకితపాత్ర లందము. ఈ యలంకార పద్ధతి మధ్యధరాప్రాంతపుదని తోఁచుటచే నీ పళ్లెములుగూడ నచ్చటినుండి వచ్చినవే యని వీలరు తలఁచెను. 1947వ సంవత్సరమున నతఁడు బ్రహ్మగిరి, చంద్రవల్లులను ద్రవ్వించినపు డిట్టిపెంకులే కనఁబడెను. వెంటనే కాలశృంఖల యొకటి యేర్పడెను. అరెజ్జోపాత్ర అరికమేడునకుఁ గాలమిచ్చెను. అరికమేడు చక్రాంకితపాత్రకుఁ గాలమిచ్చెను. చక్రాంకితపాత్ర బ్రహ్మగిరి పైపొరకుఁ గాలమిచ్చెను. ఆ పైపొరనుండి క్రిందికి లెక్కించి, ఇనుము వాడిన బృహచ్ఛిలాసమాధుల వారు సుమారు క్రీస్తునకుఁ బూర్వము 200 ప్రాంతమున వచ్చిరనియు, అంతకుఁ బూర్వము ఱాతిగొడ్డండ్లవా రుండిరనియు వీలరు నిర్ణయించెను.

ఈ నిర్ణయము బ్రహ్మగిరితో నాఁగలేదు. కల్యాణదుర్గ ప్రాంతపు ముదిగల్లునందలి ఱాతిసమాధులును, అట్టివే యగు రాయలసీమ సమాధు లన్నియు నా లెక్కలోనికే వచ్చెను. ఆ లెక్క ప్రకారము బ్రహ్మగిరికొండమీఁద అశోకుని యాజ్ఞ చెక్కఁబడిననాఁడు, కొండక్రిందిపల్లెలో నింకను ఱాతిగొడ్డండ్లకాలము ముగియలే దనవలసివచ్చెను. చదువవలసినవారు లేనిచోట శాసన మేల చెక్కిరి? యవనపాత్ర యనుకొన్న యొక పళ్లెముమీఁద నింత భారము పడినది.

లెక్క సవరణ

తరువాతి పరిశోధన యీ శృంఖలలో నడిమికడియమునే విఱిచినది. విమలా బెగ్లీ మొదలగువారు చక్రాంకితపాత్రలు క్రీస్తునకుఁ బూర్వము 2వ శతాబ్దముననే మొదలయ్యెనని చూపిరి. అనఁగా నరెజ్జోపాత్రలకంటె నవి పెద్దవి. 1990 తరువాత జరగిన రసాయన, ఖనిజపరీక్షలలో వాని మట్టి భారతదేశపుదే యని తేలినది. పళ్లెపురూపమునకు యవనచ్ఛాయ యుండవచ్చును. దానిని చేసినచేయి మన కుమ్మరిదే. అవి యొకచోటఁ దయారై తీరమువెంబడి దూరదేశములకుఁ బోయినవి. కావున నవి దొరకినచోట రోమకవర్తకముగాక, మనవారి తీరవర్తకము ఋజువగుచున్నది. ఇదియుఁ జిన్న సంగతి కాదు.

బొగ్గుపరీక్షవలనఁ గాలనిర్ణయము చేయుట యలవాటైనపిదప రెండవసవరణ వచ్చినది. కర్ణాటమునందలి హల్లూరునం దినుము క్రీస్తునకుఁ బూర్వము సుమారు 1000వ సంవత్సరము నాఁటికే వాడుకలో నుండెను. పశువులమందల బూదిదిబ్బలు విడిచిన నవశిలాయుగ జనులు దక్షిణాపథమునఁ గ్రీస్తునకుఁ బూర్వము 3వ సహస్రాబ్దినుండి యుండిరి. అట్టి బూదిదిబ్బ యనంతపురము జిల్లాలో పాలవాయియందును గలదు. వీలరు చూపిన పొరలక్రమము నేఁటికిని నిలిచియున్నది. మాఱినది వాని వయస్సు. సమాధులు గట్టిన మన సీమవారి యినుపయుగ మెనిమిది శతాబ్దములు వెనుకకుఁ బోయినది. అశోకుని యాజ్ఞ వచ్చునాఁటికి బ్రహ్మగిరి ప్రాంతమునఁ గమ్మరి కొలిమి చిరపరిచితము.

సరిపోలెడు పాత్రలు

చక్రాంకితపాత్రకుఁ గలిగినదే మఱియొక భాండమునకును గలిగినది. మన దేశమున నాంఫొరాలని పేరుపెట్టి భద్రపఱచిన పెంకులను రొబెర్టా టోంబరు పండితురాలు మరల పరీక్షించి, వానిలోఁ బెక్కింటికి రోమకసంబంధము లేదని కనుఁగొనెను. అవి మెసొపొటేమియా, పారసీకతీరములనుండి వచ్చిన పిడులులేని కోలభాండములు. వాని యడుగును కూఁచియే. కాని లోపలిపూఁత చెట్టుజిగురు గాక, నేలనుండి యుబుకు నల్లనికీలు. వాని వాడుక రోమకవర్తకము తగ్గిన తరువాతఁగూడఁ బెక్కుశతాబ్దములు సాగినది. ఒకే పెంకు, పూఁత చూడక చదివినపుడు రోమకుని, చూచి చదివినపుడు పారసీకునిఁ దెచ్చుచున్నది, కాలమును మాఱిపోవుచున్నది.

ఇంటికడ నింకొక భ్రాంతికిఁ దావు కలదు. రాయలసీమ ఱాతిసమాధులలోఁ గాళ్లు గల మట్టితొట్లును, కూఁచియడుగు కుండలును దొరకుచుండును. కూఁచి యున్నంతమాత్రమున యవనభాండ మనరాదు. పిడియతుకు, మట్టిలోని యిసుక, లోపలిపూఁత అను మూఁడును గూడినపుడే నిర్ణయము చెప్పవలయును.

ఇట్లు తీసివేయఁగా మిగిలినవి తక్కువ గాని గట్టివి. మహారాష్ట్రమునఁ బ్రవరాతీరమునందలి నెవాసాలో దొరకిన పెంకులలోఁ గంపానియా మద్యభాండములవి యున్నట్లు మట్టిపరీక్షచే స్థిరపడినది. నెవాసా సముద్రమునకు దూరమైన లోపలియూరు. కేరళమున పట్టణమనుచోట 2007 మొదలు జరగిన త్రవ్వకములలో నాంఫొరాపెంకులు వేలకొలఁది లభించినవి. మన కృష్ణాతీరమున ధరణికోటయందు 1962 మొదలు జరగిన త్రవ్వకములలో రేవుకట్టయు నావకాలువయు బయల్పడినవి.

లోపలిసీమకు సరకు వచ్చిన విధము

నెవాసాకు భాండము చేరఁగా పెన్నాసీమకుఁ జేరుట యేల యరిదైనది? ప్రయాణసాధనమును విచారించినచో సమాధానము దొరకును. పెరిప్లసు కర్త పైఠణమునుండియుఁ దగరమునుండియు సరకులు బండ్లమీఁద భరుకచ్ఛమునకు వచ్చునని వ్రాసెను. పెన్నా యట్లు గాదు; ఏఁటఁ బెక్కునెలలు ఇసుకయే గావున నావకు వీలులేదు. గండికోట చెంత నది కొండలను గోసికొని పోవుచున్నది. ఇట్టి త్రోవలయందు మొన్నమొన్నటివఱకును సరకు మోసినది పెరికెయెద్దు. నిండిన ఆంఫొరా సుమారు నలువది కిలోగ్రాముల బరువు. అందు మూఁడవవంతు వఱకు వట్టిమట్టి. ఎద్దువీఁపున నొరయుచుఁ బోవునపుడు పగులుట నిశ్చయము. మనవారు నేయినూనెలను దోలుసిద్దెలలోను తిత్తులలోను మోసెడివారు. రేవున భాండమును దెఱచి, సరకును సిద్దెలో నింపి లోపలికిఁ బంపుటయే వర్తకునకు లాభము.

ఈ యూహ సరియైనచో రెండు ఫలితము లేర్పడును. మొదటిది: లోపలిసీమలో నాంఫొరా లేమి యవనసరకు రాలేదనుటకు నిదర్శనము కాదు, తోలు నశించినది, మట్టి రేవుననే నిలిచినది. రెండవది: లోపలిసీమనుండి సరకు తెచ్చిన మనిషి యవనుఁడు గాఁడు. ఎద్దును దోలినవాఁడు, త్రోవ నెఱిఁగినవాఁడు, సంతలో బేరమాడినవాఁడు మన దేశీయుఁడే. చంద్రవల్లి వెండినాణెములు యవనునిచేతినుండి నేరుగా వచ్చె ననుటకంటె, అట్టి చేతులు పెక్కు దాఁటి వచ్చెననుటయే పొసఁగును. రేవున నోడను జూచి వర్తకమంతయు నోడవానిదే యనుట, మార్గమంతయు నడిచిన యెద్దును మఱచుట.

సిద్ధాంతము

పైవిచారమువలన నేర్పడిన యంశము లివి. క్రీస్తుశకము మొదటి రెండు శతాబ్దములలోఁ బినాకినీమండలమునకు నలుప్రక్కల రోమకద్రవ్యము సంచరించినది. దక్షిణాపథపు రేవులకు యవనమద్య మాంఫొరాలలో వచ్చుట గ్రంథములవలనను, మట్టివలనను సిద్ధము. చక్రాంకితపాత్రలు యవనసాక్షులు గావు, స్వదేశవర్తకసాక్షులు. పినాకినీసీమ జనుల ప్రాచీనత యవనుల రాకకు ముడిపడినది గాదు. అది స్వతంత్రముగా నంతకుఁ బూర్వమే వేయేండ్లు సాగినది.

ఈ విషయమునఁ బాఠశాలాపండితులు చేయఁగల సేవ గొప్పది. చెఱువులపూడిక తీయునపుడును, పాటిదిబ్బలమన్ను పొలములకుఁ దోలునపుడును పెంకులు బండ్లకొలఁది లేచుచుండును. వానిలో నంచు, అడుగు, పిడి, లోపలఁ బూఁతగల ముక్క అను నాలుగు తెఱఁగుల పెంకులను వేఱుచేసి, దొరకిన పొలముపేరును, లోఁతును, తేదిని వ్రాసి, కడుగక ముందే యొక సంచిలో నుంచి పురావస్తుశాఖవారికిఁ దెలుపవలయును. పూఁతను గోకి శుభ్రపఱచుట సాక్షినాలుకను గోయుట యగును. చోటు తెలియని పెంకు వట్టి మన్ను. చోటు తెలిసిన పెంకు శాసనమునకు సాటి. హిందూపురపు మడిలోనో, ధర్మవరపు చెఱువుగర్భముననో నల్లనియిసుకగల పిడిముక్క యొకటి దొరకిన నాఁడు, పైని జెప్పిన సిద్దెల యూహను మరలఁ దూఁచవలసివచ్చును. అట్టి పరీక్షకు లోఁబడిన చరిత్రయే పండితులు నమ్మఁదగిన చరిత్ర.